పాత జెట్ బోటు మొదటిసారి కొంటున్నారా? టెక్సాస్‌లో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు మొదలయ్యేసరికి డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ వైపు నుంచి ఫోన్లు మొదలవుతాయి. అడిగే మనుషులు మారుతున్నారు కానీ సందేహాలు అవే. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. రూల్స్ దగ్గర రాసినవి టెక్సాస్‌కి సంబంధించినవి. మరో రాష్ట్రంలో ఉంటే అక్కడి రూల్స్ చూసుకోండి.

## ఇంకా ఆలోచనలో ఉన్నప్పుడు

జెట్ బోటు అంటే పెద్ద సైజు జెట్ స్కీయేనా? మామూలు మోటార్ బోటుకీ దీనికీ తేడా ఏంటి?

పని చేసే తీరు అదే. బోటు అడుగున ఒక జాలీ ఉంటుంది. లోపల తిరిగే ఇంపెల్లర్ దాంట్లోంచి నీళ్లు లాగి, వెనక నాజిల్ లోంచి బలంగా చిమ్ముతుంది. ఆ తోపుడుకే బోటు ముందుకి కదులుతుంది. బయటికి కనపడే ప్రొపెల్లర్ ఉండదు, చుక్కానీ ఉండదు. న్యూజిలాండ్‌కి చెందిన బిల్ హామిల్టన్ 1950లలో లోతు లేని, రాళ్లు నిండిన నదుల మీద తిరగడానికి ఈ పద్ధతిని పనికొచ్చేలా చేశాడు. 1960లో ఆయన జెట్ బోట్లు గ్రాండ్ కాన్యన్‌లో కొలరాడో నదికి ఎదురెక్కాయి.

కొనేవాళ్లు తెలుసుకోవాల్సిన అసలు విషయం ఒకటుంది. ఈ బోటుని తిప్పేది నాజిల్ లోంచి వచ్చే నీళ్లే. థ్రాటిల్ (కారు యాక్సిలరేటర్ లాంటిది) పూర్తిగా వదిలేస్తే స్టీరింగ్ ఎటు తిప్పినా బోటు దాదాపు పోతున్న దారిలోనే పోతుంది. ఇది రిపేరు కాదు, దాని స్వభావం.

మా ఇంట్లో ఎవరికీ ఈత సరిగ్గా రాదు. ఇది మాకు సేఫేనా?

ప్రొపెల్లర్ లేకపోవడం నిజంగానే మంచి విషయం. కానీ దాన్ని చూసుకుని ప్రమాదమే లేదనుకోకండి. అడుగున జాలీ దగ్గర నీళ్లు బలంగా లోపలికి లాగుతుంటాయి. పొడుగు జుట్టు, చున్నీ, లైఫ్ జాకెట్ పట్టీ అందులోకి పోగలవు. వెనక నాజిల్ లోంచి వచ్చే ధార మనిషికి లోపలి గాయాలు చేయగలదు. ఎవరైనా నీళ్లలో ఉన్నా, నిచ్చెన ఎక్కుతున్నా ఇంజిన్ పూర్తిగా ఆపాల్సిందే. న్యూట్రల్‌లో పెడితే చాలదు. చాలా జెట్ బోట్లలో న్యూట్రల్‌లో కూడా ఇంపెల్లర్ తిరుగుతూనే ఉంటుంది.

26 అడుగుల లోపు బోటు కదులుతుంటే 13 ఏళ్లు నిండని పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలని టెక్సాస్ చట్టం. పెద్దవాళ్లకి ఒక్కొక్కరికి ఒకటి బోటులో ఉంటే చట్టానికి చాలు, నాకు మాత్రం చాలదు. ఈత రానివాళ్లు బోటు ఆగి ఉన్నప్పుడు కూడా తీయకూడదు. బోటు కొనే ముందు దగ్గర్లోని పూల్‌లో ఇంటిల్లిపాదీ ఈత క్లాసుల్లో చేరండి. మొదటి ఖర్చు అదే కావాలని ఎవరడిగినా చెబుతాను.

సింగిల్ ఇంజినా, ట్విన్ ఇంజినా?

నలుగురైదుగురున్న కుటుంబం, గ్రేప్‌వైన్, లూయిస్‌విల్ లాంటి లేకులు, ట్యూబింగ్ (బోటు వెనక తాడుతో కట్టిన గాలి ట్యూబ్ మీద సవారీ) వరకే సరదా అయితే 19 అడుగుల సింగిల్ ఇంజిన్ చాలు. పెద్ద గుంపుతో టెక్సోమా లాంటి విశాలమైన లేక్‌కి వెళ్లేవాళ్లకి 23, 24 అడుగుల ట్విన్ బాగుంటుంది. అలల మీద నిలకడ ఎక్కువ. ఒక పంపులో గడ్డి ఇరుక్కున్నా రెండోదానితో ఒడ్డుకి రావచ్చు. కానీ ఆయిల్, ప్లగ్గులు, పంపు, వింటర్ సర్వీసు అన్నీ రెండేసి. పెట్రోల్ లెక్కకి ఒక మోటు కొలత ఉంది: ఫుల్ థ్రాటిల్‌లో ప్రతి 10 హార్స్‌పవర్‌కి గంటకి దాదాపు ఒక గ్యాలన్. మొదటి బోటుకి నేనైతే సింగిల్ వైపే మొగ్గుతాను.

యమహా, సీ-డూ, స్కారబ్... పాతదాంట్లో ఏ బ్రాండ్ మంచిది?

బ్రాండ్ కంటే సర్వీసు చరిత్రే ముఖ్యం. అయినా కొన్ని తేడాలు తెలిసి ఉండాలి. యమహా ఇంజిన్లు లేక్ నీళ్లనే లోపలికి తీసుకుని చల్లబడతాయి. అందుకే ఉప్పునీళ్లలో తిరిగినదైతే తిరిగొచ్చాక మంచినీళ్లతో ఇంజిన్ లోపల కడిగే ఫ్లష్ అలవాటు గురించి గట్టిగా అడగాలి. సీ-డూ, చాలా స్కారబ్ మోడళ్లలో ఉండే రోటాక్స్ ఇంజిన్లకి కారులాగా విడిగా కూలెంట్ ఉంటుంది.

సీ-డూ సంస్థ బీఆర్‌పీ 2012లో స్పోర్ట్ బోట్ల తయారీ ఆపేసింది. కాబట్టి కొనే ముందే మీ ఊరి దగ్గర దాన్ని ముట్టుకునే మెకానిక్ ఉన్నాడో లేదో కనుక్కోండి. సూపర్‌ఛార్జర్ ఉన్న పాత సీ-డూ అయితే ఇంకో ప్రశ్న: లోపలి సిరామిక్ వాషర్లు మార్చి మెటల్‌వి వేశారా? అవి పగిలితే ముక్కలు ఇంజిన్‌లోకి పోతాయి. మార్చినట్టు బిల్లు లేకపోతే ఆ పని ఖర్చు రేటులోంచి తీసేసే బేరమాడండి.

మా ఎస్‌యూవీ ఈ బోటుని లాగుతుందా?

ప్రకటనలో రాసేది సాధారణంగా ఖాళీ బోటు బరువు. దానికి ట్రైలర్, పెట్రోల్, బ్యాటరీ, సామాను కలపాలి. పెట్రోల్ ఒక్కటే గ్యాలన్‌కి 6 పౌండ్లు ఉంటుంది. మొత్తం కలిపితే 19 అడుగుల బోటు సుమారు 3,500 పౌండ్లకి చేరుతుంది, 24 అడుగుల ట్విన్ 5,000 దాటేస్తుంది. మీ వాహనం మాన్యువల్‌లో టోయింగ్ అంకెతో పాటు టంగ్ బరువు పరిమితి కూడా చూడండి. హిచ్ మీద పడే బరువు మొత్తంలో సుమారు 10 శాతం ఉంటుంది. లాగడం కంటే, తడిసి పాకుడు పట్టిన ర్యాంప్ మీద పైకి తెచ్చేటప్పుడే వాహనం సత్తా తెలుస్తుంది.

హెచ్1బీ మీద ఉన్నాను. బోటు కొనచ్చా? వారాంతాల్లో అద్దెకి ఇస్తే ఈఎంఐ వచ్చేస్తుందంటున్నారు, నిజమేనా?

కొనచ్చు. మీ పేరు మీద టెక్సాస్ టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ చేయించుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు. అద్దె సంగతి వేరు. బోటు అద్దెకిచ్చి దాన్ని చూసుకోవడం పని కిందకి వస్తే వీసాకే చిక్కు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ జోలికి వెళ్లకండి. పైగా మామూలు బోటు పాలసీలు అద్దెకిచ్చిన సమయంలో జరిగినదానికి సాధారణంగా డబ్బు కట్టవు. ఈఎంఐ మీ జీతంలోంచి కట్టగలిగితేనే కొనండి.

నలుగురు ఫ్రెండ్స్ కలిసి కొందామనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా?

మంచిదే, రాతపూర్వకంగా చేసుకుంటే. టైటిల్ మీద ఎవరి పేర్లు, ఏ వారం ఎవరిది, రిపేరు వస్తే ఎవరు ఎంత, ఒకరు వేరే ఊరికి మారిపోతే వాటా ఎలా లెక్కకడతారు, ఈ నాలుగూ కాగితం మీద పెట్టి అందరూ సంతకం చేయండి. నడిపే ప్రతి ఒక్కరి గురించీ ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. స్నేహం ఉంది కదా అని వదిలేసిన కాగితమే తర్వాత స్నేహానికి ఎసరు పెడుతుంది.

## బోటు చూడటానికి వెళ్లినప్పుడు

ఎన్ని గంటలు తిరిగినదాకా కొనచ్చు?

ఒక్క అంకె చెప్పలేను, చెప్పినా తప్పుదారి పట్టించినట్టే. ఏటా ఆయిల్ మార్చి, వింటర్ సర్వీసు చేయించి, బిల్లులు దాచిన 300 గంటల బోటు, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న 60 గంటల బోటు కంటే నయం. కదలని బోటులో పెట్రోల్ పాడవుతుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి, ఎలకలు వైర్లు కొరుకుతాయి.

గంటలు ఒక్కటే కాదు, అవి ఎలా తిరిగినవో కూడా తెలుసుకోవచ్చు. యమహా డీలర్ దగ్గర ఉండే వైడీఎస్ అనే డయాగ్నస్టిక్ పెడితే, ఏ ఆర్‌పీఎంలో ఎన్ని గంటలు నడిచిందో ప్రింటు వస్తుంది. బీఆర్‌పీ ఇంజిన్లకి బడ్స్ అనే సిస్టమ్ ఉంది. ఆ రిపోర్టు అడిగితే మొహం చిట్లించే అమ్మకందారు దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండండి.

నాకు మెకానిజం ఏమీ తెలీదు. నేనుగా ఏం చూడగలను?

చాలానే చూడగలరు. టార్చిలైటు, పాత బట్ట తీసుకెళ్లండి.

ముందు ట్రైలర్ కింద పడుకుని అడుగు భాగం చూడండి. ఇసుక ఒడ్డుకి ఎక్కించిన గీతలు మామూలే. ఫైబర్ కనపడేంత లోతు గీత, పాచ్ వేసిన చోటు, పగులు ఉంటే ఎందుకని అడగాలి. తర్వాత జాలీలోంచి, వెనక నాజిల్ లోంచి లైటు వేసి ఇంపెల్లర్ చూడండి. రెక్కల అంచులు నున్నగా ఉండాలి. రాళ్లు తిన్నవైతే పళ్లు పడ్డట్టు గుంటలుంటాయి. ఇంపెల్లర్ చుట్టూ ఉండే వేర్ రింగ్‌కీ రెక్కల కొసలకీ మధ్య సందు చాలా సన్నగా ఉండాలి. ఆ సందు పెరిగితే ఇంజిన్ అరుస్తుంది, బోటు మాత్రం కదలదు.

ఇంజిన్ మూత తీసి ఆయిల్ డిప్‌స్టిక్ బట్టకి తుడవండి. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి, అక్కడితో ఇంటికి వచ్చేయచ్చు. కింద బిల్జ్‌లో, అంటే బోటు లోపలి అట్టడుగున, నీటి మరకల గీత ఎంత ఎత్తుందో చూడండి. ఇంజిన్ సగం వరకు ఉంటే ఆ బోటు ఎప్పుడో మునిగి ఉండచ్చు. స్టీరింగ్, రివర్స్ లివర్ రెండు చివర్ల దాకా తిప్పి చూడండి. బిగుసుకుపోయిన కేబుల్ మార్చాలంటే మనిషి దూరలేని చోట పని, కూలీయే ఎక్కువవుతుంది.

అమ్మే ఆయన "ఇంటి దగ్గరే ట్యాప్ పెట్టి స్టార్ట్ చేసి చూపిస్తా, లేక్‌కి ఎందుకు" అంటున్నాడు. ఒప్పుకోవాలా?

ఒప్పుకోవద్దు. జెట్ బోటులో ఎక్కువ లోపాలు పంపులో ఉంటాయి. పంపు పని చేసేది నీళ్లలోనే. ట్యాప్ నీళ్లు ఇంజిన్‌ని చల్లబరచడానికి మాత్రమే, పంపుకి వాటితో సంబంధం లేదు. డ్రైవ్‌వేలో ముద్దుగా స్టార్ట్ అయిన బోటు లేక్‌లో ప్లేన్ మీదకి, అంటే నీళ్లపైకి లేచి జారిపోయే వేగానికి, రాకపోవచ్చు.

మాట మర్యాదగానే చెప్పండి: రేటు కుదిరింది, నీళ్లలో బాగుంటే ఈ రోజే డబ్బిచ్చి తీసుకెళ్తాను, ర్యాంప్ ఫీజు, పెట్రోల్ నాది. నిజంగా అమ్మాలనుకునేవాడికి ఇందులో అభ్యంతరం ఉండదు. "నిన్ననే వేరే ఆయన అడ్వాన్స్ ఇస్తానన్నాడు" అంటే ఇవ్వనివ్వండి. టెక్సాస్‌లో బోట్లకి కొరత లేదు.

నీళ్లలోకి దించాక ఏం గమనించాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వచ్చేలోపే వేడి చేసి ఉంచారంటే కోల్డ్ స్టార్ట్ సమస్య దాస్తున్నారేమో అని అనుమానించాలి. మెల్లగా కాసేపు తిరిగి వేడెక్కాక, ఖాళీ చోట ఒక్కసారి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. ఆర్‌పీఎం చటుక్కున పైకి వెళ్లి వేగం మాత్రం నింపాదిగా పెరుగుతుంటే పంపు గాలి పీలుస్తోందని, అంటే ఇంపెల్లర్‌లోనో వేర్ రింగ్‌లోనో లోపం, లేదా జాలీలో చెత్త. ఆర్‌పీఎమ్మే మాన్యువల్‌లోని అంకెకి చేరకపోతే లోపం ఇంజిన్ వైపు ఉంది. రెండింటికీ ఖర్చులో చాలా తేడా.

రెండు వైపులా గట్టిగా తిప్పండి, రివర్స్ వేసి చూడండి, అలారంలు వింటూ ఉండండి. తిరిగొచ్చాక మళ్లీ ఇంజిన్ మూత తీసి చూడండి. వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న బిల్జ్ ఇప్పుడు తడిగా ఉంటే నీళ్లు ఎక్కడినుంచో వస్తున్నాయి. ఆయిల్ కూడా ఇంకోసారి చూడండి. ఇవన్నీ ముప్పావు గంట పని, తొందరపడకండి.

మెకానిక్‌ని గానీ సర్వేయర్‌ని గానీ పెట్టుకోవాలా?

మొదటిసారి కొంటున్నారు కాబట్టి పెట్టుకోండి. చిన్న జెట్ బోటుకి ఆ బ్రాండ్ మీద పని చేసే మెకానిక్‌తో కంప్రెషన్ టెస్టు, డయాగ్నస్టిక్ రిపోర్టు చేయిస్తే సరిపోతుంది. ఖరీదైన ట్విన్ అయితే ఎస్‌ఏఎంఎస్ లేదా ఎన్‌ఏఎంఎస్ అనే బోటు సర్వేయర్ల సంఘాల్లో సభ్యత్వం ఉన్న సర్వేయర్‌ని (బోటు స్థితి పరీక్షించి రిపోర్టు ఇచ్చే మనిషి) చూసుకోండి. మనిషిని అమ్మేవాళ్లు కాదు, మీరే ఎంచుకోండి.

ట్రైలర్ బాగానే ఉంది కదా, అదీ చూడాలా?

చూడాలి. టైర్ మీద డాట్ అన్న అక్షరాల వెంట వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2318 అంటే 2018లో 23వ వారం. ట్రెడ్ కొత్తగా కనపడినా ఐదారేళ్లు దాటితే మార్చేయండి. చక్రం జాకీ మీద లేపి తిప్పితే గరగర శబ్దం రాకూడదు. ఐ-35 హైవే పక్కన ఆగిపోయిన బోట్లలో చాలావాటికి బేరింగో టైరో కారణమై ఉంటుంది.

## డబ్బు, కాగితాలు

రేటు సరైనదో కాదో ఎలా తెలుస్తుంది?

వాహనాల విలువలు లెక్కకట్టే జేడీ పవర్ వాళ్ల బోటు విలువలు చూడండి. అదే మోడల్, అదే సంవత్సరం మీ చుట్టూ ఎంతకి అమ్ముతున్నారో ఒక నెల గమనించండి. నవంబర్‌లో బేరం కుదిరినట్టు మే నెలలో కుదరదు. టెక్సాస్‌లో బోటు మీద అమ్మకపు పన్ను 6.25 శాతం, దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఏ కాగితాలు చూసుకోవాలి?

బోటు వెనక కుడివైపు పైభాగంలో 12 అక్షరాల హల్ నంబర్ ఉంటుంది. దాని చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. అది టైటిల్ మీదున్న నంబర్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. టైటిల్ మీద పేరు, అమ్మే మనిషి ఐడీ మీద పేరు ఒకటే కావాలి. టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్‌లో టీఎక్స్ నంబర్‌తో (బోటు రిజిస్ట్రేషన్ నంబర్) గానీ హల్ నంబర్‌తో గానీ యజమాని వివరాలు వెతకచ్చు. అప్పు ఉన్న బోటైతే డబ్బు అమ్మేవాళ్ల చేతికి కాక బ్యాంకుకి వెళ్లేలా చూసుకోండి.

బోటు బదిలీకి పీడబ్ల్యూడీ 143 ఫారం. ట్రైలర్ లెక్క వేరు. దాని కాగితాలు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. "టైటిల్ పోయింది, తర్వాత పంపిస్తా" అంటే డబ్బూ తర్వాతే పంపండి.

ఇన్సూరెన్స్ తప్పనిసరా?

టెక్సాస్ చట్టం ప్రకారం కాదు. లోన్ ఇచ్చేవాళ్లు, చాలా మరీనాలు అడుగుతారు. వాళ్లు అడక్కపోయినా లయబిలిటీ తీసుకోండి, ఎందుకంటే మీ బోటు ఇంకొకరికి తగిలితే కట్టాల్సింది మీరే. ఎగ్రీడ్ వాల్యూ పాలసీలో బోటు పూర్తిగా పోతే ముందే ఒప్పుకున్న మొత్తం వస్తుంది, యాక్చువల్ క్యాష్ వాల్యూలో తరుగుదల తీసేసి ఇస్తారు.

నడపడానికి లైసెన్స్ కావాలా?

1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ మించిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాస్ కావాలి. అంతకు ముందు పుట్టినవాళ్లకి చట్టం అడగదు. నేను అడుగుతాను: చేయండి. ఆన్‌లైన్‌లో ఒక్కరోజులో అయిపోతుంది. ఎవరికి ఎవరు దారివ్వాలో తెలియకుండా శనివారం సాయంత్రం లేక్ ట్రావిస్ మీదకి వెళ్లకూడదు.

## మొదటి రోజులు

వాహన పూజ లేక్ దగ్గర చేయచ్చా?

ఇంటి దగ్గరే, ట్రైలర్ మీద ఉండగా చేసుకోండి. పసుపు, కుంకుమ, హారతి, కొబ్బరికాయ అన్నీ అక్కడే. నిమ్మకాయలు ట్రైలర్ చక్రాల కింద పెట్టచ్చు. లేక్‌లో పూలు, దారం, కొబ్బరి పీచు వదలద్దు. నీళ్లకీ మంచిది కాదు, దారం మీ పంపులోకే రావచ్చు. బోటుకి కట్టిన దండ, గుమ్మడికాయ తాడు బయల్దేరే ముందే తీసేయండి.

మొదటిసారి నీళ్లలోకి దించే ముందు ఏం మర్చిపోకూడదు?

డ్రెయిన్ ప్లగ్. అది బిగించాకే మిగతావి. పెట్రోల్ ఆవిరి పోవడానికి బ్లోయర్ 4 నిమిషాలు తిప్పాకే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజిన్ ఆపేసేది) నడిపేవాళ్లకి తగిలించి ఉండాలి. 26 అడుగుల లోపు బోట్లకి ఇది 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం. మంటలార్పే సిలిండర్ అడుగున సంవత్సరం చూడండి, ఒక్కసారి వాడే రకం 12 ఏళ్లు దాటితే చెల్లదు. 16 అడుగులు, ఆపై బోట్లలో విసిరే తేలుడు దిండు కూడా ఉండాలి. ర్యాంప్ దగ్గర లోతు 3 అడుగులైనా లేకుండా థ్రాటిల్ ఇవ్వద్దు, గులకరాళ్లు పంపులోకి వస్తాయి.

డాక్ దగ్గరకి వస్తుంటే బోటు నా మాట వినట్లేదు. స్టీరింగ్ పాడైందా?

పాడవ్వలేదు. జెట్ బోటు తక్కువ వేగంలో అటూఇటూ ఊగుతుంది. కొత్తవాళ్లు కంగారుగా స్టీరింగ్ తిప్పేస్తుంటారు, అది ఇంకా ఊగుతుంది. ముందు స్టీరింగ్ తిప్పి పెట్టి, ఆ తర్వాత థ్రాటిల్ చిన్నగా ఒక్క తోపు ఇచ్చి వదలండి. బోటు తిరగడం చూసి ఇంకో తోపు. గాలికి ఎదురుగా రండి. డాక్‌కి తగిలినా ఫర్వాలేదనిపించే వేగం మించద్దు. చేతితో, కాలితో బోటుని ఆపడానికి ఎవర్నీ ప్రయత్నించనివ్వకండి.

ఇంతకంటే ముఖ్యమైన అభ్యాసం నడి లేక్‌లో చేయాలి. ఖాళీ చోట ఒక తేలుడు దిండు విసిరి, దానివైపు ఓ మోస్తరు వేగంతో వెళ్లి, థ్రాటిల్ వదలకుండా పక్కకి తిప్పి తప్పించండి. ఎదురుగా ఏదైనా వస్తే మన చెయ్యి తనంతట తనే థ్రాటిల్ వదిలేస్తుంది. దాంతో స్టీరింగ్ కూడా పోతుంది. థ్రాటిల్ ఉంచి తిప్పడం చేతికి అలవాటయ్యేదాకా పిల్లల్ని ఎక్కించుకోవద్దని బతిమాలుతున్నాను.

గడ్డి గానీ ట్యూబ్ తాడు గానీ పంపులో ఇరుక్కుంటే?

బోటు వణుకుతుంది, ఆర్‌పీఎం పెరుగుతుంది, వేగం పడిపోతుంది. వెంటనే ఇంజిన్ ఆపండి. ప్రొపెల్లర్ బోటులా రివర్స్ వేస్తే వదిలిపోతుందనుకోవద్దు. జెట్ బోటులో రివర్స్ అంటే వెనక్కి చిమ్మే నీటిని బకెట్ ముందుకి మళ్లించడమే, పంపు మాత్రం లోపలికి లాగుతూనే ఉంటుంది. ఇంజిన్ ఆపితే కొంత గడ్డి దానంతట అదే జారిపోతుంది. లేదంటే తాళం తీసి జేబులో వేసుకుని, క్లీన్-అవుట్ మూత ఉన్న మోడళ్లలో అక్కడినుంచి చేత్తో తీయాలి. తాడు షాఫ్ట్‌కి చుట్టుకుంటే రంపపు పళ్ల కత్తితో కోయాల్సిందే. ఆ కత్తి బోటులోనే ఉంచండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. వాళ్లని తీసుకెళ్లచ్చా?

తప్పకుండా తీసుకెళ్లండి, పొద్దున్నే, లేక్ నిద్ర లేవకముందు. ముందు భాగంలో కూర్చోబెట్టద్దు. అలల దెబ్బ అక్కడే ఎక్కువ, నడుముకి పట్టేస్తుంది. వెనక సీట్లలో కూర్చోబెట్టి లైఫ్ జాకెట్ మీరే తొడగండి. అమ్మగారికి చీర కంటే పంజాబీ డ్రెస్ సౌకర్యం, చున్నీ ఇంట్లో ఉంచి రమ్మనండి. ఇంజిన్ నడుస్తుంటే వెనక ప్లాట్‌ఫామ్ మీద ఎవరూ కూర్చోకూడదు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన రాదు, స్పృహ తప్పాకే తెలుస్తుంది.

## సీజన్ నడుస్తుండగా

ఫ్లష్ చేసేటప్పుడు ముందు ట్యాప్ తిప్పాలా, ముందు ఇంజినా?

ముందు ఇంజిన్, వెంటనే ట్యాప్. ఆపేటప్పుడు ముందు ట్యాప్, తర్వాత ఇంజిన్. ఇంజిన్ ఆగి ఉండగా నీళ్లు వదిలితే ఎగ్జాస్ట్ దారి నుంచి ఇంజిన్‌లోకి వెనక్కి రావచ్చు. మాన్యువల్ చెప్పిన నిమిషాలకి మించి నడపద్దు. గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్లలో తిరిగితే ఆ రోజే చేయాలి.

ఏ పెట్రోల్ పోయాలి?

ఇథనాల్ 10 శాతం మించకూడదు. చౌకగా దొరికే ఈ15 బోట్లలో వాడటం ఫెడరల్ రూల్స్ ప్రకారం నిషిద్ధం. పంపు మీద స్టిక్కర్ చదివి పోయించుకోండి. కొన్ని వారాలు వాడరనుకుంటే పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలపండి.

టెక్సాస్‌లో చలి ఎంత, వింటర్ సర్వీసు అవసరమా?

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టిన చలి గుర్తుందిగా. లేక్ నీళ్లతో చల్లబడే ఇంజిన్‌లో నిలిచిన నీరు గడ్డకడితే ఇంజిన్ పగులుతుంది. కూలెంట్ ఉన్న ఇంజిన్లకి కూడా ఎగ్జాస్ట్ వైపు నీళ్లుంటాయి. నవంబర్‌లోపు నీళ్లు తీయించి, ఆయిల్ మార్పించి, బ్యాటరీ విప్పి పెట్టండి. బిల్లు ఫైల్‌లో దాచండి, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడుగుతారు.

ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కి తీసుకెళ్లాలంటే?

2009లో టెక్సోమాలో జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పల జాతి కనపడింది. బోట్ల వెంట మిగతా లేకులకి పాకింది. అందుకే 2014 నుంచి రాష్ట్రమంతటా, లేక్ నుంచి బయల్దేరే ముందు బోటులోని నీళ్లన్నీ తీసేయాలని చట్టం. ర్యాంప్ ఎక్కగానే డ్రెయిన్ ప్లగ్ తీయండి. ఇంజిన్‌ని ఒకటి రెండు సెకన్లు మాత్రమే తిప్పి ఆపితే పంపులో మిగిలినవీ బయటికొస్తాయి. బరువు కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ బ్యాగులు, చేపలు ఉంచే లైవ్‌వెల్ తొట్టి ఉంటే అవీ ఖాళీ చేయండి. గడ్డి చెత్తకుండీలో వేసి, వీలైతే వారం పాటు బాగా ఆరనిచ్చి తర్వాతి లేక్‌లో దించండి.